బోర్లించిన భేరి

మెడమీద కత్తి వేలాడుతున్నవాడికి తిండి సయించదంటారు. నీలాంగదుడికి మాత్రం ఆ మధ్యాహ్నం కడుపు నకనకలాడింది.

గుంజకు కట్టేసి ఉన్నా చేతులు ముందుకే ఉన్నాయి. కావలి భటుడు దుగ్గన ఇచ్చిన జొన్నరొట్టెను ఉల్లికారంతో సహా రెండు చేతులా పట్టుకుని నములుతూ అతడు లోయకేసి చూశాడు. చూడదగ్గ లోయ అది. శ్వేతవేణి నది కొండల నడుమ వెండి ఒడ్డాణంలా వంపు తిరిగిన చోట దారి మజిలీగా తామ్రగిరి సేన విడిసి ఉంది. కుంకుమరంగు గుడారాలు, పసుపుపచ్చని జెండాలు, నీళ్లలో దిగి ఒకదాని వీపు ఒకటి తడుపుకుంటున్న ఏనుగులు, ఎండకు తళతళలాడే బల్లేల అడవి. గాలి వీచినప్పుడల్లా గుర్రపు చెమట, ఎండుగడ్డి, ఉడుకుతున్న ఉలవల వాసన కలగలిసి వస్తున్నది. ఈ వాసన తనకు ఇంత నచ్చుతుందని కౌముదీపురంలో అత్తరు పూసుకుని తిరిగిన రోజుల్లో ఎవరైనా చెబితే అతడు నవ్వి ఉండేవాడు.

అవును, ఇక్కడ అందరూ బొల్లన్న అని పిలిచే ఈ గుర్రాలకాపరి కౌముదీపురం యువరాజు. అతని అక్క అంశుమతిని ఊర్ణనాభుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి లూతదుర్గంలో బంధించాడు. అమావాస్య దాటితే ఆమె రాతిబొమ్మ అయిపోతుంది. ఆ దుర్గం చుట్టూ సైకతనది. అందులో పారేది నీరు కాదు, ఇసుక. పడవ తేలదు, మనిషి ఈదలేడు, కాలు మోపితే మింగేస్తుంది. దాన్ని ఒక్క దూకులో దాటగల జీవి భూమ్మీద ఒకటే ఉంది. అది తామ్రగిరి సేనలోని తెల్ల ఆడగుర్రం తూనీగ. దాన్ని మచ్చిక చేసుకోవడానికే అతడు వేషం మార్చి శత్రువుల దండులో చేరాడు. శత్రువులనడం ఉత్తమాట కాదు. ఊర్ణనాభుడి దుర్బోధలు చెవికెక్కించుకుని తామ్రగిరి రాజు ఈ దండును పంపింది కౌముదీపురం మీదికే.

బయలుదేరేముందు కొండగుహలోని తపసి అతని ముంజేతికి ఒక నల్లదారం కట్టాడు. "నాయనా, దీన్ని పేరుకట్టు అంటారు. వేషంలో ఉన్నంతకాలం ఏ మాయా నిన్ను తాకలేదు. కానీ రెండు గండాలున్నాయి. నీ అసలు పేరు నీ నోటితో చెప్పావా, రక్ష తెగిపోతుంది. వేషం పేరు పట్టుకుని 'నేను ఫలానా' అన్నావా, ఆ వేషమే నీ ఒళ్లయిపోతుంది, మరి ఊడదు. వేషం వేసే ప్రతివాడికీ ఇదే కట్టు. మాంత్రికుడికైనా సరే."

అందుకే దండులో చేరిననాడు పేరడిగితే అతడు నోరు మెదపలేదు. నుదుట పెట్టుకున్న తెల్లమచ్చ చూసి వాళ్లే బొల్లన్న అన్నారు.

ఆనాటి తెల్లవారుజామున తూనీగ మాయమైంది. తెగిన పగ్గం పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డ బొల్లన్న దొరికిపోయాడు. దండు కదిలి దారిలో ఉన్నప్పుడు యుద్ధగుర్రాన్ని దొంగిలించినవాడికి తామ్రగిరి సేనలో శిక్ష ఒకటే. తల తీయడం.

"ఒరే బొల్లా, ఏం తిండిరా అది! పెళ్లిపందిట్లో కూచున్నట్టు తింటన్నావు," అన్నాడు దుగ్గన, బల్లేన్ని భుజానికి ఆనించుకుని.

"మీ ఇంటావిడ చేతి కారం అట్లాంటిది మామా."

"మా ఇంటావిడదా! దాని చేతి కారం తిన్నోడివైతే నిన్ను చంపడానికి సభెందుకురా? అది నేను నూరింది."

నీలాంగదుడు నవ్వాడు. "ఇంతకీ నన్నేం చేస్తారు?"

దుగ్గన ముఖంలో నవ్వు చల్లారింది. పక్కనే చతికిలబడ్డాడు. "గుడారసభ పెడితే బతికిపోయేవాడివి. అందులో ఐదు దళాల నుంచి ఐదుగురు కూచుంటారు. కొరడాతో కొట్టిస్తారు, దండులోంచి తరిమేస్తారు, అంతే. తల తీసే అధికారం ఆ సభకు లేదు. కానీ దండు ఒకచోట స్థిరంగా దిగితేనే గుడారసభ. దారిలో ఉన్నప్పుడు భేరిసభే."

"మూడోదేదో ఉందంటారు?"

"గొడుగుసభ. అది నీకూ నాకూ కాదులే. తెల్లగొడుగు కింద తొమ్మిదిమంది కూచోవాల, పక్కన ధర్మాధికారి ఉండాల, పైన రాజుగారి ముద్ర పడాల. రాచబిడ్డలకీ దండనాయకులకీ అది. వాళ్ల తల తీయాలంటే నెలలు పడతయ్. మన తలకాయలకు ఒక పొద్దు చాలు."

"భేరిసభలో ఎందరు?"

"ముగ్గురు. యుద్ధభేరిని బోర్లిస్తారు. దాని చుట్టూ ఒక పక్క దండనాయకుడు, ఒక పక్క వేరే దళం నాయకుడు, మూడోవాడు నీ సాటివాడు. అంటే నీ పనే చేసేవాడు. సాటివాడు లేనిదే సభ లేదు. భేరి బోర్లా ఉన్నంతసేపూ దండు అడుగు కదపగూడదు. అందుకే పొద్దుగూకేలోపు తేల్చేస్తారు." దుగ్గన గొంతు తగ్గించాడు. "ఒక మంచి సంగతుందిరా. తీర్పు కింది నుంచి పైకి చెబుతారు. అందరికన్నా చిన్నోడు ముందు, దండనాయకుడు ఆఖర్న. పెద్దాయన ముందు దగ్గితే చిన్నోళ్లందరికీ దగ్గొస్తది గదా! ఇంకోటి. నీకొక 'వద్దు' ఉంది. ముగ్గురిలో ఎవడి మీద అనుమానమున్నా ఒక్కసారి వద్దు అనొచ్చు. అప్పుడు వాడు భేరి మీద చెయ్యేసి, నేను ఫలానా, నా పని ఫలానా, ఇతని మీద నాకు పగ లేదు అని చెప్పాల."

"నా సాటివాడెవరు మామా?"

"ఇంకెవడు? ఎర్రపోతు."

నీలాంగదుడి గుండె తేలికపడింది. ఎర్రపోతు నోరు విప్పితే గుర్రాలు చెవులు మడుచుకుంటాయి. నిన్న సాయంత్రమే నీళ్లతొట్టి దగ్గర తనను ఏడు తరాలు వెనక్కి వెళ్లి తిట్టాడు. కానీ ఆ తిట్లలో ఒక్కటైనా అబద్ధం లేదు. తొట్టి కడగనిది నిజమే.

ఎండ వాలింది. కొమ్ము ఊదారు.

ఏనుగు వీపంత వెడల్పున్న రాగిభేరిని పన్నెండుమంది మోసుకొచ్చి మైదానం నడుమ బోర్లించారు. తరతరాల యుద్ధాల్లో దెబ్బలు తిన్న దాని అడుగుభాగం పడమటి ఎండలో కొలిమిలోంచి తీసినట్టు ఎర్రగా మెరిసింది. నాలుగువైపులా సైనికులు గుండ్రంగా కూచున్నారు. వేలమంది ఉన్నా నది చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం.

భేరికి తూర్పున దండనాయకుడు భల్లటుడు కూచున్నాడు. తెల్లమీసాలు చెవులదాకా దువ్విన ముసలి సింహం. దక్షిణాన గజదళ నాయకుడు సోమిదేవుడు, ఏనుగుల సావాసంతో ఏనుగంత నెమ్మదైన మనిషి. ఉత్తరాన ఎర్రపోతు. పడమటి వైపు, సూర్యుణ్ణి వీపున మోస్తూ, నీలాంగదుడు నిలబడ్డాడు.

"పేరు?" అన్నాడు భల్లటుడు.

"బొల్లన్న అంటారు దొరా."

"అంటారేమిటి? నువ్వేమంటావు?"

"పిలిస్తే పలుకుతాను దొరా."

సైనికుల్లో నవ్వు అలలా లేచి అణిగింది. నీలాంగదుడు మాత్రం లోలోపల ఉలిక్కిపడ్డాడు. 'నేను బొల్లన్నను' అన్న మాట నాలుక చివర బెల్లంముక్కలా తగిలింది మరి. అంటే చాలు, ఎవరూ లేచి నిలబడనక్కర్లేని, ఎవరూ పొగడనక్కర్లేని ఒక బతుకు శాశ్వతంగా తనదవుతుంది. కానీ ఆ బతుకులో అక్కను రక్షించేవాడుండడు. అతడు ఆ తీపిని మింగేశాడు.

భల్లటుడు మీసం సవరించుకున్నాడు. "సరే. నిలబడ్డవాడు లోకం ఏమంటే అదే. ఆ వెసులుబాటు నీకుంది. తీర్పుకు కూచున్నవాడికి మాత్రం లేదు. గుర్రం ఏమైంది?"

"తెలీదు దొరా. నేను లేచేసరికి పగ్గం తెగి ఉంది. కత్తితో కోస్తే పోగులు సమంగా ఉంటాయి. ఇది కొరికినట్టుంది."

"గుర్రం పగ్గం కొరికి పారిపోయిందంటావా?" అన్నాడు సోమిదేవుడు.

"తూనీగ కొరకదు నాయకా. దానికి నోట్లో దారం పడితే అసహ్యం."

సోమిదేవుడు తలూపాడు. జంతువు స్వభావం చెప్పి వాదించేవాడంటే అతనికి ఇష్టం. అప్పుడు ఎర్రపోతు ముందుకు వంగాడు. గొంతులో వెన్న కరుగుతున్నట్టుంది.

"బొల్లన్నా, ప్రాణం పోతే మళ్లీ రాదు నాయనా. నీ నడక, నీ తీరు చూస్తే గొప్పింటి బిడ్డవనిపిస్తుంది. నువ్వు రాచబిడ్డవే అయితే ఈ సభకు నిన్ను చంపే అధికారం లేదు. గొడుగుసభకు పంపాలి. నీ అసలు పేరేమిటో ఒక్కసారి నోరారా చెప్పుకో. బతికిపోతావు."

నీలాంగదుడి ముంజేతి మీద దారం సన్నగా వణికింది. గుర్రాల దగ్గర ఎర్రపోతు ఇలా ఎన్నడు మాట్లాడాడు? వాడు తనను 'నాయనా' అంటే అది తిట్టుకు ముందుమాట అయి ఉండాలి కదా!

"నాకు వేరే చెప్పుకోవడానికేమీ లేదు," అన్నాడతడు.

"అయితే తీర్పు," అన్నాడు భల్లటుడు. అని చేతులు కట్టుకుని ఊరుకున్నాడు. సోమిదేవుడూ ఊరుకున్నాడు. ఇద్దరి చూపులూ ఎర్రపోతు మీద నిలిచాయి.

ఎర్రపోతు వాళ్లవంక చూశాడు. తర్వాత వినయంగా చేతులు జోడించాడు. "తమరు సెలవివ్వండి. పెద్దలుండగా చిన్నవాణ్ణి నేను ముందు నోరు విప్పడమా? అంతటి అమర్యాదా?"

"ఓహో!" అన్నాడు సోమిదేవుడు మెచ్చుకోలుగా. "మన ఎర్రపోతుకు ఇవాళ ఎంత మర్యాద వచ్చిందో!"

సైనికులు కూడా బాగుందన్నట్టు తలలూపారు. వినయం చూస్తే ఎవరికి ముచ్చట వేయదు? ఒక్క నీలాంగదుడు మాత్రం తలూపలేదు. ఈ వినయం అతనికి తెలుసు. ఇది గుర్రపుశాలలో పుట్టింది కాదు. సింహాసనాల పక్కన ఒదిగి నిలబడి, రాజు మాట్లాడేదాకా ఆగి, ఆ తర్వాత చెవిలో ఊదే పెదవులది. అతడు పెరిగింది అలాంటి పెదవుల మధ్యే. భేరిసభలో చిన్నవాడు ముందు మాట్లాడాలని ఈ దండులో గడ్డి కోసేవాడికి కూడా తెలుసు. తెలియనివాడు ఈ దండువాడు కాడు. తూనీగను మాయం చేసి, తలమీదికి కత్తి తెచ్చి, ప్రాణభయంతో తన చేత పేరు చెప్పించాలని చూసినవాడెవడో అతనికి అర్థమైంది. చచ్చేటప్పుడు మనిషి తన పేరును గట్టిగా పట్టుకుంటాడని ఊర్ణనాభుడు లెక్క వేశాడు. లెక్క తప్పేమీ కాదు. తప్పింది మర్యాద ఒక్కటే.

"వద్దు!" అని అరిచాడు నీలాంగదుడు.

మైదానం ఒక్కసారిగా కలకలలాడింది. భల్లటుడి కనుబొమ్మలు లేచాయి. "ఎవరిని?"

"ఉత్తరాన కూచున్నవాణ్ణి. వాడు నా సాటివాడు కాదు."

"కారణం?"

"ఎర్రపోతు నిన్న నన్ను గాడిదకొడుకా అన్నాడు. ఇవాళ నాయనా అన్నాడు దొరా. మనిషి ఒక్కరోజులో అంత చెడిపోడు."

ఈసారి నవ్వు లోయంతా మోగింది. భల్లటుడు నవ్వలేదు. "భేరి మీద చెయ్యి వెయ్యి ఎర్రపోతూ. చెప్పవలసింది చెప్పు."

ఎర్రపోతు అరచెయ్యి రాగి మీద వేశాడు. నుదుట చెమట పట్టింది. "నన్ను... ఎర్రపోతు అంటారు."

"అంటారేమిటి?" భల్లటుడి గొంతు మేఘంలా ఉరిమింది. "చెప్పానుగా, కూచున్నవాడికి ఆ వెసులుబాటు లేదని. 'నేను' అను!"

పేరుకట్టు సంగతి సభలో ఇద్దరికే తెలుసు. నేను ఎర్రపోతును అంటే ఊర్ణనాభుడు బతికున్నన్నాళ్లూ పేడ ఎత్తుతూ ఉండాలి. నేను ఊర్ణనాభుణ్ణి అంటే చుట్టూ వేల బల్లేలు. నీలాంగదుడు అతని కళ్లలోకి చూశాడు. అక్కడ కనిపించింది, పాపం, మామూలు భయమే. ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

"నేను..." అన్నాడు వాడు. "నేను..."

తర్వాత మాట రాలేదు. పొగ వచ్చింది! నోట్లోంచి, చెవుల్లోంచి, గోళ్ల సందుల్లోంచి నల్లటి పొగ బుసకొట్టి లేచింది. ఎర్రపోతు రూపం పాము కుబుసంలా చిరిగి, అందులోంచి ఎనిమిది పొగకాళ్ల సాలెపురుగు తాటిచెట్టంత ఎత్తున నిలబడింది. దాని నడుముకు దారంతో కట్టి ఉన్న గవ్వ ఒకటి తెగి భేరి మీద పడింది. ఢాం! గవ్వ పగిలింది. అందులోంచి వెన్నెలను చిలికి తీసినట్టు తెల్లగా తూనీగ సకిలిస్తూ దూకింది. ఏనుగులు ఘీంకరించాయి, బల్లేలు వానలా లేచాయి, పొగను చీల్చుకుని అవతల పడ్డాయి.

"వాడి పేరు అడగండి! వాడి నోటితోనే చెప్పించండి!" అని కేకవేస్తూ ఆ సాలెపురుగు పడమటి కొండల మీదుగా సుడిగాలిలా వెళ్లిపోయింది.

గడ్డిగాదె వైపు నుంచి ఇంకో కేక వినిపించింది. "ఎవడ్రా నన్ను గడ్డిమోపులా కట్టింది? వాడి వంశం వల్లకాడు గాను! వాడి గుర్రానికి కుంటు రాను!" దుగ్గన పరుగెత్తి అసలు ఎర్రపోతును విప్పి తెచ్చాడు.

భల్లటుడు మాత్రం కదలకుండా నీలాంగదుడి ముఖంలోకే చూస్తున్నాడు. అతని నుదుటి తెల్లమచ్చ చెమటకు సగం చెరిగిపోయి ఉంది. ఇష్టంలేని యుద్ధానికి రాజాజ్ఞ మీద కదిలిన ముసలివాడు ఆ మచ్చను చూశాడు, నిటారుగా ఉన్న ఆ వీపును చూశాడు. చివరికి అన్నాడు:

"వాడు అడగమన్నది నేను అడగను. గుర్రం దొరికింది. అయినా నిన్ను విడిచిపెట్టే అధికారం నాకొక్కడికీ లేదు. ముగ్గురం కూచుంటేనే సభ. సభ మైలపడింది. మైలపరచినవాణ్ణి పట్టుకొచ్చి భేరి ముందు నిలబెట్టేదాకా ఇది పూర్తి కాదు. పట్టుకురావడం ఎవరి విచారణలో సభ మైలపడిందో వాడి బాధ్యత. నీ సాటివాడు నీకు కాపలా వస్తాడు."

"అంతదాకా భేరి?" అన్నాడు సోమిదేవుడు.

"బోర్లానే ఉంటుంది."

"అంతదాకా దండు?"

"కదలదు," అన్నాడు భల్లటుడు. తెల్లమీసాల చాటున ఏదో మెదిలింది. "ఈ ఒడ్డున చేపలు బాగుంటాయట. తిందాం."

నీలాంగదుడికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కౌముదీపురం మీదికి వెళ్లవలసిన సేన ఒక రాగిగిన్నె కింద ఆగిపోయింది! అతడు వంగి ముసలివాడి పాదాలు తాకి, తెగిన పగ్గాన్ని నడుముకు చుట్టుకుని, ఒక్క ఊపున తూనీగ ఎక్కాడు. ఎర్రపోతు తిట్టుకుంటూ వెనక ఎక్కాడు.

తూనీగ పరుగు పరుగు కాదు, ఎగరడమే. కొండలు వెనక్కి దొర్లాయి. ఎర్రపోతు ఆపకుండా తిట్టాడు. జీనును తిట్టాడు, గాలిని తిట్టాడు, బొల్లన్న ఎముకల వీపును తిట్టాడు. నీలాంగదుడికి ఆ తిట్లు జోలపాటలా వినిపించాయి. సైకతనది ఒడ్డున గుర్రాన్ని ఊపిరి తీసుకోనిచ్చినప్పుడు, ఎర్రపోతు బండల వెనక ఊటకు నీళ్లు తాగడానికి వెళ్లి, మూతి తుడుచుకుంటూ తిరిగివచ్చి మళ్లీ వెనక ఎక్కాడు.

ఎదురుగా నది. కొండనుంచి కొండదాకా బంగారు ఇసుక మెల్లగా, మత్తుగా, చుట్టలు చుట్టుకుంటూ పారుతున్నది. ఆవలి గట్టున సాలెగూటి దారాలతో అల్లినట్టున్న లూతదుర్గం, అస్తమించే సూర్యుడి ముందు నల్లని వలలా వేలాడుతున్నది. అందులో ఎక్కడో అక్క ఉంది.

"గట్టిగా పట్టుకో ఎర్రపోతూ!" అంటూ అతడు తూనీగ మెడ తట్టాడు. గుర్రం ఒడ్డును తన్ని గాలిలోకి లేచింది. ఆ ఎత్తున, సంతోషం పట్టలేక అతడు వెనక్కి కేక వేశాడు. "ఎట్లా ఉందిరా ఎగరడం?"

నడుముకు చుట్టుకున్న చేతులు మెత్తగా బిగిశాయి.

"ముందు తమరు సెలవివ్వండి," అంది వెనక గొంతు. "తమవంటి పెద్దలు చెప్పాక నేను."

అదే క్షణాన విడిచివచ్చిన ఒడ్డు నుంచి, బండల మధ్య నుంచి, గాలి మోసుకొచ్చిన కేక సన్నగా వినిపించింది. "ఒరే గాడిదకొడకా! నన్నొదిలి ఎవణ్ణెక్కించుకున్నావురా!"

కింద ఇసుక నోరు తెరిచింది. పైన దుర్గం మీంచి తెల్లని దారాలు పాముల్లా లేచి వస్తున్నాయి. నీలాంగదుడు వెనక్కి తిరగలేదు. నవ్వుకున్నాడు. వెతకబోయిన దొంగ వెతక్కుండానే వచ్చి తన నడుముకు చుట్టుకున్నాడు మరి. అతడు తెగిన పగ్గాన్ని విప్పి, ఆ రెండు మణికట్లనూ తన పొట్ట మీదే కలిపి, గుర్రాలకాపరులు వేసే ముడి వేశాడు. ప్రాణం పోయినా ఊడని ముడి.

"తొందరేముంది?" అన్నాడు. "పేర్లు చెప్పుకోవడానికి భేరి ఉందిగా."